బండ్లు ఆగిన చోట ఊరు పెరిగింది



విశాఖపట్నం నుంచి వరంగల్ మీదుగా హైదరాబాదుకు రైల్లో వెళ్లేవాళ్లకు బెజవాడలో, అంటే విజయవాడలో, జరిగే తతంగం బాగా తెలుసు. ఏలూరు దాటి, గుణదల దాటి బండి స్టేషన్లోకి వస్తుంది. ముందున్న ఇంజన్ను ఊడదీస్తారు. అటు కొసన ఇంకో ఇంజన్ వచ్చి తగులుకుంటుంది. అప్పటిదాకా బండి పోయేవైపు మొహం పెట్టి కూర్చున్నవాళ్లు ఇక్కణ్ణుంచి వెనక్కి చూస్తూ ప్రయాణం చేస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు కంగారుపడి, 'ఇదేమిటండీ, బండి మళ్లీ వచ్చినదారే పోతోంది' అని అడుగుతారు. 'ఇంజన్ మారిందండీ, అంతే' అని పక్కసీటు పెద్దాయన ధైర్యం చెబుతాడు. ఈలోగా కిటికీల దగ్గర ఇడ్లీ పొట్లాలు, పులిహోర, మంచినీళ్ల సీసాలు అమ్ముడవుతుంటాయి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, స్టేషన్‌కి ఉత్తరపు వైపున రెండు దారులు వచ్చి కలుస్తాయి. ఒకటి ఖమ్మం, వరంగల్ వైపు నుంచి వచ్చేది, రెండోది ఏలూరు, రాజమండ్రి వైపు నుంచి వచ్చేది. దక్షిణం వైపు దారి కృష్ణ దాటి గుంటూరుకు, చెన్నైకి పోతుంది. ఉత్తరపు దారులు రెండూ వేరువేరు యాజమాన్యాలు, వేరువేరు అవసరాల కోసం వేసినవి. ఒకదాంట్లోంచి వచ్చి, స్టేషన్లో ఆగి, రెండోదాంట్లోకి వెళ్లే బండి దిశ మార్చుకోక తప్పదు. నూటముప్పై ఏళ్లకు పైగా పాతబడిన నిర్ణయాలు ఇవాళ్టి ప్రయాణికుడి సీటు దిశను కూడా మారుస్తున్నాయన్నమాట.

బెజవాడ స్టేషన్ చరిత్ర అంతా ఈ ఆగక తప్పనితనంలోనే ఉంది. బండి ఇక్కడ ఆగాలి. సరుకు ఇక్కడ దిగాలి. ఇంజన్ ఇక్కడ నీళ్లు పట్టుకోవాలి. డ్రైవరు ఇక్కడ డ్యూటీ దిగాలి. ఒక్కో ఆగుడు చుట్టూ ఒక్కో బతుకుతెరువు పుట్టింది, ఆ బతుకుతెరువులన్నీ కలిసి నగరమైంది.

రైలు రాకముందు ఇక్కడి ప్రయాణమంతా పడవల మీదే. 1852లో కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై, 1855కి పూర్తయింది. ఆనకట్టతో పాటు కాలువలు వచ్చాయి. ఏలూరు కాలువ పట్టుకుని వెళితే గోదావరి డెల్టా. బందరు కాలువ పట్టుకుని వెళితే సముద్రపు ఒడ్డు. దక్షిణం వైపు కాలువలు బకింగ్‌హాం కాలువలో కలిసి మద్రాసు దాకా దారి చూపించేవి. వడ్లు, మిర్చి, పొగాకు, ఉప్పు అన్నీ పడవల్లోనే. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు తాడు పట్టేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, అన్నం వండి పెట్టేవాళ్లు ఒడ్డున కాచుకుని ఉండేవాళ్లు. ఏలూరు లాకుల పేరు స్టేషన్ చుట్టుపక్కల ఇవాళ్టికీ వాడుకలో ఉంది. ఆ లాకులకు కూతవేటు దూరంలోకే తర్వాత రైలు వచ్చింది.

రైలు రావడానికి వెనకున్న కారణాల్లో మొదటిది కరువు. 1876లో మొదలై 1878 దాకా సాగిన మహాకరువు రాయలసీమను, బళ్లారి ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. లక్షలమంది చనిపోయారు. ధాన్యం ఉన్న డెల్టా నుంచి ధాన్యం లేని సీమకు గింజలు చేర్చే దారి లేకపోవడం ఎంత ప్రాణాంతకమో అప్పుడు ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1880 నాటి కరువు కమిషన్ రైలు మార్గాలు పెంచాలని గట్టిగా చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా కృష్ణ వైపు వచ్చిన మీటర్ గేజి దారి ఈ ఆలోచనలో భాగమే. కృష్ణ ఒడ్డు బియ్యాన్ని, సీమ ఆకలిని కలపడం దాని తొలి ఉద్దేశం. ఆ సంగతి గుంటూరు, నంద్యాల వైపు బండెక్కే ప్రతివాళ్లూ తెలుసుకోదగ్గది.

రెండో కారణం బొగ్గు. ఇది నిజాం రాజ్యం కథ.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లోనే రైలు నడిచింది. దాన్ని తూర్పుకి, అంటే బొగ్గు ఉన్నవైపుకి, అక్కణ్ణుంచి కోస్తాకి పొడిగించాలని తలపెట్టారు. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ 1871లోనే గుర్తించారు. డబ్బు కోసం లండన్లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పెట్టారు. వాటాదారులకు ఏడాదికి 5 శాతం వడ్డీ 20 ఏళ్లపాటు నిజాం ఖజానా నుంచి ఇస్తామని హామీ. లాభం వచ్చినా రాకపోయినా ఆ 5 శాతం కట్టాల్సిందే. ఆ భారం చివరికి రైతు మీదే పడుతుందని హైదరాబాదులో చదువుకున్నవాళ్లు కొందరు ఎదురుతిరిగారు. రైల్వే పథకం వివరాలు జనానికి చెప్పాలని 1883లో సభలు పెట్టారు. వాళ్లలో ముందున్న అఘోరనాథ ఛటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, నిజాం ప్రభుత్వం రాజ్యం నుంచి పంపించేసింది. హైదరాబాదులో ప్రభుత్వాన్ని లెక్క అడిగిన తొలి ఉద్యమాల్లో అదొకటి. బెజవాడ స్టేషన్ కథ చెప్పుకునేటప్పుడు ఆ లెక్క అడిగినవాళ్లను మరిచిపోవడం న్యాయం కాదు.

అభ్యంతరాలు ఎలా ఉన్నా దారి సాగింది. 1886కి వరంగల్, 1888కి డోర్నకల్, 1889 ఫిబ్రవరి 10న బెజవాడ. డోర్నకల్ నుంచి ఇల్లందు గనులకు ఒక కొమ్మ వేశారు. సింగరేణి బొగ్గు ఈ దారిన దిగి కోస్తాకు రావడం మొదలైంది. నిజాం సరిహద్దు నుంచి కొండపల్లి మీదుగా బెజవాడకు ఉన్న చివరి ఇరవై మైళ్లు మాత్రం బ్రిటిష్ సర్కారు సొత్తు. దాని పేరు బెజవాడ ఎక్స్‌టెన్షన్ రైల్వే. పట్టాలు సర్కారువి, బండ్లు నడిపేది నిజాం కంపెనీ.

ఊరికి మున్సిపాలిటీ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, 1888 ఏప్రిల్ 1న. స్టేషన్ పుట్టిన ఏడాదిగా చాలామంది చెప్పేదీ 1888నే. ఊరికి పాలకవర్గం, ఊరికి రైలు చెట్టపట్టాలేసుకుని వచ్చాయి.

ఆ తర్వాతి పదేళ్లూ పని జోరుగా సాగింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి ఉత్తరంగా కటక్ వైపు బయల్దేరింది. 1893 నుంచి ముక్కలు ముక్కలుగా బండ్లు నడిచాయి. మధ్యలో గోదావరి అడ్డం. వంతెన లేనన్నాళ్లూ ప్రయాణికులు ఒక ఒడ్డున దిగి, నీళ్ల మీద గోదావరి దాటి, అవతలి ఒడ్డున ఇంకో బండెక్కేవాళ్లు. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద 1900 ఆగస్టులో రైలు నడవడంతో ఆ అవస్థ తీరింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన అంతకు ముందే వచ్చింది. 1899లో గూడూరు మీదుగా మద్రాసు దారి కలిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి కలకత్తా నుంచి మద్రాసుకు తూర్పు తీరం వెంబడి పట్టాలు పరుచుకున్నాయి. ఆ దారి మీదే, నిజాం దారి వచ్చి కలిసే చోట బెజవాడ ఉంది.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతి ఒకటుంది. ఈ దారులన్నీ ఒకే కొలతవి కావు. నిజాం దారి, మద్రాసు దారి, కలకత్తా దారి బ్రాడ్ గేజివి. అంటే రెండు పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. గుంతకల్లు దారి మీటర్ గేజిది. ఎడం సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన బందరు దారి, 1928లో గుడివాడ నుంచి భీమవరానికి వేసిన దారి కూడా మీటర్ గేజివే. ఒక దారి బండి రెండో దారి మీదకి ఎక్కదు. గుడివాడలో ఎక్కించిన బియ్యం బస్తా నాగపూరు వైపు పోవాలంటే బెజవాడ యార్డులో ఈ పెట్టెలోంచి దింపి, ఆ పెట్టెలోకి ఎక్కించాలి. బస్తా వీపు మీద వేసుకుని, చెక్క పలక మీద నడిచి, అవతలి పెట్టెలో సర్దడం. ఎండాకాలం బెజవాడ ఎండలో ఆ పని చేసినవాళ్ల చెమటను ఏ రైల్వే రికార్డూ లెక్క కట్టలేదు. బస్తా చిరిగితే గింజలు ఏరుకోవడానికి ఆడవాళ్లు, చిరిగిన సంచి కుట్టడానికి దబ్బనం పట్టుకున్నవాళ్లు, తూకం చూడ్డానికి గుమాస్తాలు, నష్టపరిహారం అర్జీలు రాయడానికి రాతగాళ్లు. ఇంజనీర్లకు గేజి తేడా తలనొప్పి. ఊరికి మాత్రం అది అన్నం పెట్టింది. 1960ల్లో డెల్టా దారులు బ్రాడ్ గేజిలోకి మారేదాకా ఈ దింపుడు ఎక్కింపుడు పని సాగుతూనే ఉంది.

ఆవిరి ఇంజన్ల అవసరాలు వేరు. ఇంత దూరం నడిస్తే నీళ్లు పట్టాలి, బొగ్గు వేసుకోవాలి, బూడిద దులపాలి, గొట్టాలు కడగాలి. లోకో షెడ్డు వచ్చింది. దాంతో ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, పాయింట్స్‌మన్లు, గార్డులు ఊళ్లోకి కాపురాలు తెచ్చారు. సత్యనారాయణపురం వైపు రైల్వే కాలనీ పెరిగింది. అర్ధరాత్రి రెండింటికి బండి ఉందంటే కాల్ బాయ్ లాంతరు పట్టుకుని డ్రైవరు ఇంటికి వెళ్లి, తలుపు తట్టి లేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. తమిళం మాట్లాడేవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, ఉత్తరాది వాళ్లు, ఉర్దూ మాట్లాడే నిజాం దారి సిబ్బంది, గోదావరి జిల్లాల వాళ్లు ఒకే వీధిలో కాపురం ఉన్నారు. 1901 జనాభా లెక్కల్లో ఊళ్లో ఉన్నది 24 వేల పైచిలుకు మంది. 1951కి లక్షా 61 వేలు దాటారు. జిల్లా కేంద్రం బందరు. రేవు పట్నం బందరు. చదువుల పేరూ బందరుదే. అయినా బందరును మించి బెజవాడ పెరిగిందంటే దానికి ప్రధాన కారణం ఈ జంక్షనే.

స్వాతంత్ర్యోద్యమంలో కూడా ఈ సౌకర్యం పనికొచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. గాంధీజీతో పాటు దేశం నలుమూలల నాయకులు వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటిమంది సభ్యులు, ఊళ్లల్లో 20 లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు ఇక్కడే పెట్టుకున్నారు. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా ఇచ్చిందీ అప్పుడే. ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి, నిజాం రాజ్యం నుంచి జనం నేరుగా బండి దిగగల ఊరు ఆంధ్రదేశంలో ఇంకోటి లేదు. ఆ రెండు రోజులూ పల్లెల నుంచి జనం తండోపతండాలుగా వచ్చి పడ్డారు. ఇక్కణ్ణుంచి మద్రాసు వెళ్లే దారి మీద, నదికి ఆవల, 1942 ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారులు స్టేషన్‌కి నిప్పుపెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సర్కారు అధికారం పల్లె జనానికి అన్నిటికంటే ముందు కనపడేది స్టేషన్ రూపంలోనే కాబట్టి కోపం కూడా ముందు అక్కడే రగిలింది.

కాజీపేట, బల్లార్షాల మధ్య దారి పూర్తయ్యాక, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. తొలిరోజుల్లో అది పెషావర్ నుంచి మంగుళూరు దాకా నడిచింది. తర్వాత ఢిల్లీ, మద్రాసుల మధ్య స్థిరపడింది. దాంతో బెజవాడ కలకత్తా దారి మీదే కాక, ఢిల్లీ దారి మీద కూడా పెద్ద మజిలీ అయింది.

స్వాతంత్ర్యం వచ్చాక కంపెనీలు పోయి జోన్లు వచ్చాయి. 1951 ఏప్రిల్‌లో దక్షిణ రైల్వే ఏర్పడి, బెజవాడ దాని కిందకు వెళ్లింది. నిజాం దారి అదే ఏడాది నవంబరులో మధ్య రైల్వేలో కలిసింది. యాజమాన్యాలు మారినా సరిహద్దు మాత్రం బెజవాడ దగ్గరే మిగిలింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాకే అటు దారి, ఇటు దారి ఒకే గొడుగు కిందకు వచ్చాయి. ఊరి పేరు విజయవాడగా స్థిరపడినా రైల్వే వాళ్ల కాగితాల్లో, టికెట్ల మీద, ఇంజన్ల మీద బీజెడ్ఏ అన్న పాత కోడే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో ఊరికి కొత్త కళ వచ్చింది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైంది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక వచ్చింది. మద్రాసులో ఉన్న ఆంధ్రప్రభ ఇక్కడికి తరలింది. 1960లో ఆంధ్రజ్యోతి పుట్టింది. పత్రికలు బెజవాడనే ఎంచుకోవడానికి బలమైన కారణం రాత్రి బండ్లు. ఇక్కడ అచ్చయిన కాగితం కట్టలు కట్టి నాలుగు దిక్కుల బండ్లకు వేస్తే, తెల్లారేసరికి తుని నుంచి నెల్లూరు దాకా గుమ్మాల్లో పడేవి. సినిమా వ్యాపారమూ అంతే. స్టేషన్ పక్కనే ఉన్న గాంధీనగర్ పంపిణీదారుల ఆఫీసులతో నిండిపోయింది. మద్రాసు నుంచి రీళ్లు రేకు పెట్టెల్లో వచ్చేవి. 'బాక్సు వచ్చిందా?' అన్న ప్రశ్నతో హాలు మేనేజర్ల గుండెలు దడదడలాడేవి. బండి ఆలస్యమైతే ఏ చిన్న ఊళ్లోనో మ్యాట్నీ ఆలస్యం. వేసవిలో నూజివీడు బంగినపల్లి మామిడి గడ్డి పరిచిన బుట్టల్లో ఇక్కణ్ణుంచే ఢిల్లీకి వెళ్లేది. రైలు పార్సిల్ ఆఫీసు తెరిచి ఉన్నంతసేపూ ఊరు మేలుకునే ఉండేది.

ఆవిరి రోజుల చివర్లో సికింద్రాబాదుకు నడిచిన గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వేగానికి పేరుమోసింది. 1980లో మద్రాసు దారికి కరెంటు వచ్చింది. అదే ఏడాది విజయవాడలో ఎలక్ట్రిక్ లోకో షెడ్డు మొదలైంది. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1979లో నడిచింది. ఇంజన్లకు బొగ్గు అక్కర్లేకపోయినా ఆ కేంద్రానికి కావాలి కాబట్టి బొగ్గు బండ్లు తగ్గలేదు. అవి ఇంకా పెరిగాయి.

పాత పట్టాల ఆనవాలు చూడాలంటే సత్యనారాయణపురం వెళ్లాలి. గుడివాడ వైపు దారి ఒకప్పుడు ఆ పేట నడిబొడ్డున పోయేది. గేటు పడితే స్కూలు పిల్లలు, రిక్షాలు, పెళ్లి ఊరేగింపులు అన్నీ ఆగాల్సిందే. ఆ దారిని మధురానగర్ వైపు మార్చి, పట్టాలు పీకేశారు. ఆ స్థలంలో బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చింది. వీధుల మధ్య అంత వెడల్పుగా, అంత పొడుగ్గా ఖాళీ ఎలా దొరికిందా అని కొత్తగా చూసేవాళ్లు అనుకుంటారు. దొరకలేదు, రైలు వదిలిపెట్టి వెళ్లింది.

ఈ స్టేషన్ మీద దేశం ఎంత ఆధారపడి ఉందో 2024 సెప్టెంబరు మొదటి వారం చూపించింది. బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ నీట మునిగింది. వరంగల్ దారిలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వేలమంది ప్రయాణికులను బస్సుల్లో తరలించాల్సి వచ్చింది. వానలోనే కట్ట మీద మట్టి, రాళ్లు పోసి ట్రాక్‌మెన్ రోజుల వ్యవధిలో మళ్లీ దారి నిలబెట్టారు. వాళ్ల కష్టం ప్రతి ప్రయాణికుడూ గుర్తుంచుకోవాల్సింది.

ఇప్పుడు స్టేషన్లో 10 ప్లాట్‌ఫారాలున్నాయి. తూర్పున గాంధీనగర్ వైపు, పడమర తారాపేట వైపు దిగొచ్చు. దసరాకు, భవానీ దీక్షల విరమణకు ఎర్రబట్టల జనంతో అవి నిండిపోతాయి. ఇన్ని ప్లాట్‌ఫారాలున్నా, స్టేషన్ బయట అవుటర్ సిగ్నల్ దగ్గర బండి నిలబడిపోవడం ప్రయాణికులందరికీ ఉన్న బాధే. ఊరి దీపాలు కిటికీలోంచి కనబడుతుంటాయి, బండి కదలదు. పసిపిల్లలతో జనరల్ బోగీలో ఉన్నవాళ్లకు ఆ అరగంట నరకం. మూడో లైన్ పనులు, రాయనపాడు నుంచి గుణదలకు వేసిన అడ్డదారి, అన్నీ ఈ ఒత్తిడి తగ్గించడానికే. విశాఖ, సికింద్రాబాదుల మధ్య 2023 జనవరిలో మొదలైన వందేభారత్‌కి రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి ఇంజన్ మార్పు లేదు.

ఇంకో పెద్ద మార్పు రాబోతోంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త దారికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన అందులో భాగం. అది పూర్తయితే వరంగల్ వైపు నుంచి గుంటూరు, తెనాలి వైపు వెళ్లే బండి బెజవాడ ముఖం చూడకుండానే నది దాటగలదు. గూడ్సు బండ్లు చాలా మటుకు అటు మళ్లితే ఇక్కడి యార్డులో చోటు మిగులుతుంది. ఆ చోటు ముందుగా దక్కాల్సింది బందరు, గుడివాడ, భీమవరం, తెనాలి వైపు రోజూ పనికి వెళ్లి వచ్చే పాసింజరు బండ్ల జనానికి. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడం కోసం ఇన్నేళ్లుగా లూప్ లైన్లో కాచుకున్నది వాళ్లే. కొత్త దారి పనులతో పాటు ఆ బండ్ల వేళలు, సంఖ్య కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టాలి.